అడ్వాన్సులో కోసిన ఆ ఒక నెల ఎక్కడికి పోయింది?

బెంగళూరు మారతహళ్ళిలో మేము ఖాళీ చేసిన ఇంటికి పద్దెనిమిది రోజుల తర్వాత నేను మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. బ్యాంకు వాళ్ళు చెక్‌బుక్కు పాత అడ్రసుకే పంపేశారు, అది తెచ్చుకుందామని వెళ్ళాను. కొత్తగా దిగిన అమ్మాయిలది కడప. తెలుగువాణ్ణే కదా అని లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చారు. నీళ్ళు తాగుతూ చూస్తే హాల్లో, పడగ్గది తలుపు పక్క గోడమీద, మావాడి ఎత్తు కొలిచి మా ఆవిడ పెన్సిల్‌తో గీసిన గీతలు అలాగే ఉన్నాయి. పక్కన తేదీలు కూడా ఉన్నాయి. ఆ ఇంటికి రంగులు వేయించాలని చెప్పే మా అడ్వాన్సులోంచి 14,000 రూపాయలు కోశారు.

ఇది 2014 నాటి మాట. అద్దె 14,000, అడ్వాన్సు 1,40,000. బెంగళూరులో అప్పుడు పది నెలల అడ్వాన్సంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు. ఓనరు మంచాయనే, ఇంట్లో తెలుగే మాట్లాడేవారు, ఉగాదికి పిలిచి ఒబ్బట్లు పెట్టేవారు. ఖాళీ చేసే రోజు మాత్రం, "పెయింటింగుకు ఒక నెల అందరికీ పడుతుంది బాబూ, నీ ఒక్కడికే కాదు, అగ్రిమెంటులో ఉంది చూసుకో" అన్నారు. చూసుకున్నాను, ఉంది. కింద నా సంతకమూ ఉంది. గేటు దగ్గర లారీ ఆగి ఉంది, మా ఆవిడా పిల్లాడూ సాయంత్రం రైలుకి కాచిగూడ వెళ్ళాలి, లక్షా ఇరవై ఆరు వేల చెక్కు ఆయన చేతిలో ఉంది. ఆ సమయంలో "అంకుల్, ఈ పద్నాలుగు వేలకి లెక్కేది?" అని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? నాకు లేదు.

తర్వాత ఏడాదికి ఆ కడప అమ్మాయి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. వాళ్ళూ ఖాళీ చేశారట, వాళ్ళకీ ఒక నెల అద్దె కోశారట. "మీ బాబు గీతలు ఇంకా ఉన్నాయి సర్" అని నవ్వే బొమ్మ కూడా పెట్టింది. అంటే ఒకే గోడకి రెండుసార్లు డబ్బులు తీసుకున్నారు, బ్రష్షు మాత్రం ఒక్కసారీ తగల్లేదు.

అప్పట్నించీ నాకు ఈ విషయంలో ఒక మొండి అభిప్రాయం ఏర్పడిపోయింది. పెయింటింగనీ క్లీనింగనీ పేరుపెట్టి, కొలతా బిల్లూ లేకుండా అడ్వాన్సులోంచి కోసేది శుభ్రానికయ్యే ఖర్చు కాదు. వేరే పేరుతో తీసుకునే ఇంకో నెల అద్దె. ఇల్లు వాడితే గోడ మాస్తుంది, ఆ మాసినందుకే కదా నెలనెలా అద్దె కడుతున్నది!

ఈ మాట ఇప్పుడు ఇంకాస్త గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఇప్పుడు నేనూ ఓనర్నే. హైదరాబాదులో, నిజాంపేటలో ఒక డబుల్ బెడ్‌రూం ఫ్లాటు ఉంది, దానిమీద అప్పూ ఉంది. ఆ సంగతి తర్వాత.

మా చిన్నప్పుడు గుంటూరులో ఇవేవీ లేవు. పోర్షన్లలో ఉండేవాళ్ళం, నాన్న ఉద్యోగం వల్ల ఐదిళ్ళు మారాం. సామాను బండి ఎక్కాక అమ్మ ఒక్కతే వెనక ఉండి ఇల్లంతా ఊడ్చి, నీళ్ళు కొట్టి కడిగి, బాత్రూంలో సోడా చల్లి రుద్ది, పాత చీపురు అక్కడే వదిలేసి తాళం ఇంటావిడ చేతిలో పెట్టేది. "మనం వెళ్ళాక మన గురించి ఒక్క మాట పడకూడదు" అనేది. ఇంటావిడ ఆ తాళం తీసుకుని అడ్వాన్సు పైసాతో సహా ఇచ్చేసేది. గోడలకు సున్నం వేయించుకోవడం ఇంటివాళ్ళ పని, అందులో వాదనే లేదు. పైగా సున్నమంటే ఎంత ఖర్చని? ఒక మనిషి, ఒక రోజు, కాస్త నీలిమందు. గోడకి ఆనుకుంటే చొక్కాకి అంటేది, అది వేరే సంగతి.

నాకనిపించేదేంటంటే ఆ సున్నం పోయి లప్పం, ప్రైమరు, రెండు పూతల ఎమల్షన్ రంగు వచ్చాకే ఈ గొడవ మొదలైంది. వందల్లో అయ్యే పని వేలల్లోకి వెళ్ళింది. అంత ఖరీదైన గోడ మాసిపోతే ఓనరుకి ప్రాణం ఉసూరుమంటుంది. ఖర్చు పెరిగింది కాబట్టి దాన్ని ఎవరి నెత్తినైనా వేయాలనిపించింది, దగ్గర్లో ఉన్న నెత్తి అద్దెకుండేవాడిదే.

మరి చట్టం ఏమంటుంది? దీని గురించి కొత్తగా కనిపెట్టాల్సిందేం లేదు, 1882లో బ్రిటిష్ వాళ్ళు రాసిన ఆస్తి బదలాయింపు చట్టంలోనే ఉంది. 108వ సెక్షన్ ప్రకారం అద్దెకుండేవాడు తీసుకున్నప్పుడు ఇల్లు ఎలా ఉందో అలా తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల అతని లెక్కలోకి రాదు. నూట నలభై ఏళ్ళు దాటిన ఈ మాటలోనే సగం తగాదాలకి సమాధానం ఉంది. 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. అది ఇంకా తేటగా చెప్పేసింది. ఏ రిపేరు ఎవరిదో చివర్లో ఒక పట్టిక ఇచ్చింది. గోడలకు సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగు, పైపులు మార్చడం, వైరింగు ఓనరు ఖాతాలో ఉన్నాయి. కుళాయి వాషర్లు, మురుగు కాలువ శుభ్రం చేయించడం, స్విచ్చులు, గీజరు రిపేరు, పగిలిన అద్దాలు, విరిగిన తాళాలు అద్దెకున్నవాళ్ళ ఖాతాలో. ఇళ్ళకైతే అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదనీ, ఇల్లు అప్పగించిన రోజే న్యాయంగా కోయాల్సింది కోసి మిగతాది ఇచ్చెయ్యాలనీ అందులో ఉంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి పళ్ళొస్తాయి. పట్టికలో కూడా ఇద్దరూ వేరేగా ఒప్పుకోకపోతేనే అనే మాట ఉంది. ఆ సందులోంచే మన అగ్రిమెంటు దూరుతుంది.

ఆ అగ్రిమెంటు సంగతి ఒక్కసారి ఆలోచించండి. ఏడాది దాటితే రిజిస్ట్రేషను చేయించాలంటారని అందరం పదకొండు నెలలకే రాసుకుంటాం. అది రాసేదెవరు? ఓనరు కాదు, నేనూ కాదు. జిరాక్సు షాపు కుర్రాడి కంప్యూటర్లో ఎప్పుడో ఎవరో టైపు చేసి పెట్టిన ఫైలు, పేర్లూ అంకెలూ మార్చి స్టాంపు పేపరు మీద ప్రింటు తీస్తాడు. "ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ మరియు క్లీనింగ్ చార్జీల నిమిత్తం ఒక నెల అద్దె" అనే వాక్యం ఊరూరా అలాగే ప్రచారమైంది. ఇద్దరిలో ఎవరూ బేరమాడని షరతుకి ఇద్దరం సంతకాలు పెడతాం.

హైదరాబాదు వచ్చాక అడ్వాన్సు రెండు నెలలకి దిగింది కానీ అలవాటు మాత్రం వెంటే వచ్చింది. 2017లో కొండాపూర్‌లో ఇల్లు ఖాళీ చేసినప్పుడు 5,000 డీప్ క్లీనింగ్ కింద పోయాయి. నెల తర్వాత ఆ సందులోనే కూరగాయల బండి దగ్గర ఆ అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య కనిపించింది. మా ఇల్లు ఎవరు కడిగారమ్మా అంటే "నేనే గద సార్, పొద్దంతా చేసిన, ఐదొందలిచ్చిండ్రు" అంది. ఐదు వేలలో పదో వంతు. కోపమొచ్చింది నా డబ్బుల గురించి కాదు (సరే, కొంచెం దాని గురించి కూడా). రోజంతా యాసిడ్ వాసనలో వంగి పనిచేసిన మనిషికి ఐదొందలు, ఆ పని పేరు చెప్పుకున్నవాడికి నాలుగున్నర వేలు!

ఓనర్లు దీనికి చెప్పే సమాధానం నాకు తెలుసు, వాట్సాప్ గ్రూపులో రోజూ చదువుతున్నాను. అలా ఒక నెల పట్టుకోకపోతే ఇంటిని పెంటకుప్ప చేసి పోతారు, అంటారు. కొంతమంది చేస్తారు, కాదనను. మా పై ఫ్లాటులో ఒకళ్ళు ఫ్రిజ్‌లో మాంసం వదిలేసి కరెంటు మెయిన్ ఆపేసి వెళ్ళిపోయారు, నాలుగో రోజుకి లిఫ్టు దాకా వాసన. ఇంకోచోట బాల్కనీ నిండా పావురాల రెట్ట, ఏడాదిగా తలుపే తీయలేదట. అలాంటప్పుడు బిల్లు చూపించి ఐదు వేలు కాదు పదివేలు కోసినా నేను ఓనరు పక్షమే.

కానీ అందరికీ ముందే ఒక నెల కోస్తే జరిగేది దానికి తల్లకిందులు. మారతహళ్ళిలో చివరి రోజు నేనేం చేశానో చెబుతాను, సిగ్గుగానే ఉంది. వంటింటి పలకల మీద రెండేళ్ళ పోపు జిడ్డు ఉంది. మా ఆవిడ స్క్రబ్బరు తీసుకుని కూర్చోబోతే, "ఎలాగూ పద్నాలుగు వేలు కోస్తున్నాడు, వాళ్ళే చేయించుకుంటారు, లే" అన్నాను. మా అమ్మ కడుపున పుట్టి ఆ జిడ్డు అలాగే వదిలేసి వచ్చాను. అడ్వాన్సు మొత్తం వెనక్కి వస్తుందంటే నేనే మోకాళ్ళ మీద కూర్చుని తోమేవాణ్ణి. కడిగినవాడికీ కడగనివాడికీ ఒకే రేటు పెడితే ఎవడు కడుగుతాడండీ?

హైదరాబాదులో దీనికి అద్దెకున్నవాళ్ళు కనిపెట్టిన విరుగుడు కూడా ఉంది: చివరి రెండు నెలలు అద్దె కట్టరు. "అడ్వాన్సులో సర్దుకోండి సార్" అంటారు. ఓనర్లు దాన్ని మోసం అంటారు. నాకైతే అది కోత అనుభవించినవాడి జాగ్రత్త అనిపిస్తుంది. పద్నాలుగు వేల కోసం కోర్టుకి వెళ్ళేవాడెవడు? దావా వేయడానికి మూడేళ్ళ గడువుంది నిజమే, కానీ మొదటి వాయిదాకే వకీలు ఫీజు అందులో సగం మింగేస్తుంది.

మా చెల్లెలు కాలిఫోర్నియాలో ఉంటుంది. అక్కడ ఖాళీ చేసిన 21 రోజుల్లోపు దేనికెంత కోశారో రాసి మిగతా డిపాజిట్ పంపించాలి. రిపేర్లూ క్లీనింగూ కలిపి 125 డాలర్లు దాటితే బిల్లుల నకళ్ళు జతచేయాలి. శుభ్రం ఎంతవరకంటే, అద్దెకున్నవాళ్ళు దిగిన రోజు ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో అంతవరకే, ఓనరు అంతకన్నా మెరిపించి ఆ ఖర్చు వాళ్ళమీద వేయకూడదు. 2025 నుంచి ఫొటోలు కూడా తీసి పెట్టుకోవాలని కొత్తగా చేర్చారు. ఇంగ్లండులో అయితే డిపాజిట్‌ని ఓనరు 30 రోజుల్లోగా ప్రభుత్వం ఒప్పుకున్న పథకం కింద నమోదు చేయాలి. చివర్లో పేచీ వస్తే తీర్పు చెప్పడానికి మూడో మనిషి ఉంటాడు. 2019 చట్టం తర్వాత క్లీనింగ్ కంపెనీని పెట్టి కడిగించాల్సిందే అని షరతు పెట్టి డబ్బు గుంజడం కుదరదు. అక్కడంతా స్వర్గమని చెప్పడంలేదు, రెడింగ్‌లో ఉండే మావాడొకడు ఇల్లు అప్పగించే ముందు రాత్రి రెండింటిదాకా ఓవెన్ తోముతూ నాకు వీడియో కాల్ చేశాడు. కానీ తోమితే డబ్బు వెనక్కి వస్తుందనే నమ్మకంతో తోమాడు చూడండి, తేడా అక్కడుంది.

సరే, నా ఫ్లాటు. నాలుగేళ్ళు ఒక ఖమ్మం కుటుంబం ఉంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అద్దె చివరికి 22,000 దాకా వచ్చింది. పోయినేడు ఖాళీ చేశారు. తాళాలు తీసుకుని నేనూ అమ్మా వెళ్ళి చూశాం. వంటింటి చిమ్నీ జాలీ జిడ్డుతో మూసుకుపోయింది. బాత్రూం పలకల మీద, కుళాయిల మీద తెల్లటి ఉప్పు పేరుకుంది. పూజ గూటి దగ్గర నూనె మరకలు, పడగ్గదిలో ఒక గోడ నిండా స్కెచ్ పెన్నుతో ఏనుగులు. వాష్‌బేసిన్‌కి పగులు. లాఫ్టు తలుపొకటి ఊడి వేలాడుతోంది.

బ్రోకరు వెంటనే అన్నాడు, "సార్, ఒక నెల కోసెయ్యండి, అందరూ కోస్తారు, ఆయన కూడా అనుకునే ఉంటాడు." ఒప్పుకుంటాను, నా చెయ్యి లాగింది. 22,000 అంటే ఈఎంఐలో దాదాపు మూడోవంతు. మేస్త్రి రంగులకి 38,000 చెప్పాడు, డీప్ క్లీనింగ్ వాళ్ళు 6,500 అన్నారు. ఎదురుగా ఉన్న మురికి మరి అబద్ధం కాదు కదా!

ఇంటికొచ్చి కాగితం తీసుకుని కూర్చున్నాను. ముందు రంగులు. మాకు ఆ రంగు ఐదేళ్ళు వస్తుందని వేయించినప్పుడే చెప్పారు, నాలుగేళ్ళు అయిపోయాయి. వాళ్ళు లేకపోయినా వచ్చే ఏడాది వేయించేదే. పాత గోడ మాసిందని కొత్త గోడ ఖరీదు మొత్తం అడగడం అంటే వాడేసిన చెప్పులు పోగొట్టినవాడి దగ్గర కొత్త జత వసూలు చేసినట్టే. ఏనుగుల గోడ ఒక్కటే వేరు, పిచ్చిగీతలు మామూలు వాడకం కాదు. ఆ గోడకి 3,000, అందులో మిగిలిన ఒక్క ఏడాది వాటా 600. ఆ 600 కోసం ఫోను చేయడానికి మొహం చెల్లక వదిలేశాను.

తర్వాత ఉప్పు మరకలు. మా బిల్డింగుకి బోరు, వేసవిలో ట్యాంకరు. ఆ నీళ్ళలో ఉండే కాల్షియమూ మెగ్నీషియమూ పలకమీద ఆరి ఆరి గట్టిపడతాయి. వాళ్ళ ఇంట్లోనే కాదు, ఐదంతస్తుల్లో ప్రతి బాత్రూమూ అంతే. యాసిడ్ పోసి రుద్దితే పోతుంది, దాంతోపాటు పలకల మధ్య సిమెంటూ, కుళాయి మెరుపూ పోతాయి. నేను సాఫ్ట్‌నర్ పెట్టించకుండా నా నీళ్ళు మిగిల్చిన ఉప్పుకి వాళ్ళని డబ్బులడగడం ఏం న్యాయం? చిమ్నీ జాలీ మాత్రం వాళ్ళు కడగాల్సిందే, అది వేడినీళ్ళలో సర్ఫు వేసి నానబెడితే గంట పని. వాచ్‌మన్ భార్యనీ ఇంకో ఆమెనీ పిలిచి రోజంతా చేయించాను, ఒక్కొక్కరికి ఎనిమిది వందలు, సామాన్లకి నాలుగొందలు, మొత్తం రెండు వేలు. అది నా ఖర్చుగానే రాసుకున్నాను.

ఇక్కడ ఓనర్లు ఎవరూ పైకి చెప్పని మాటొకటి ఉంది. ఆదాయపు పన్ను లెక్కలో అద్దెలోంచి మునిసిపల్ పన్ను తీసేశాక మిగిలినదానిలో 30 శాతం మినహాయింపు ఇస్తారు, రిపేర్లకీ నిర్వహణకీ అని. నువ్వు నిజంగా ఖర్చుపెట్టావా, రంగు డబ్బా బిల్లు చూపించు అని ఎవరూ అడగరు. నాకొచ్చే అద్దెమీద అది ఏడాదికి సుమారు 78 వేలు. అంటే ఇంటిని బాగుచేసుకుంటానని చెప్పి అంత ఆదాయానికి పన్ను తప్పించుకుంటున్నాను. అదే బాగుకి మళ్ళీ అద్దెకున్నవాడి దగ్గర ఒక నెల కోయాలా?

చివరికి నేను కోసింది రెండింటికే. వాష్‌బేసిన్ బిగింపుతో సహా 2,900 అయింది, పాతదీ పదేళ్ళది కాబట్టి సగం, 1,450. లాఫ్టు తలుపు రిపేరు 1,100. రెండింటి బిల్లులూ ఫొటో తీసి పంపి, మిగతా అడ్వాన్సు అదే రోజు వేసేశాను. ఆయన ఫోన్ చేశాడు. "అన్నా, ఎక్కువ వేసినట్టున్నారు, ఒకసారి చూసుకోండి" అన్నాడు. లేదు, లెక్క అంతే అంటే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, చిమ్నీ కడగకుండా వచ్చేశామని వాళ్ళావిడ బాధపడుతోందని చెప్పాడు. ఎలాగూ ఒక నెల పోతుందనుకున్నారట.

కొత్తవాళ్ళు దిగే ముందు ప్రతి గదీ, ప్రతి కుళాయీ, అల్మరాల లోపలా పన్నెండు నిమిషాల వీడియో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకున్నాం. అగ్రిమెంటులో ఆ ఒక నెల వాక్యం తీసేయమంటే జిరాక్సు షాపు కుర్రాడు రెండుసార్లు అడిగాడు, "ఓనరు మీరేనా సార్?" అని.

ఇదంతా గొప్పగా అమ్మకి చెబుతుంటే ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఆ లాఫ్టు తలుపు మడతబందు నువ్వు ఫ్లాటు కొన్నప్పట్నించీ వదులే కదరా, గృహప్రవేశం రోజు అట్లకాడతో నేనే బిగించాను" అంది. పాత ఫొటోలన్నీ వెతికాను. పాలు పొంగుతున్న ఫొటోలు నలభై ఉన్నాయి, లాఫ్టు తలుపుది ఒక్కటీ లేదు. ఆ రాత్రే 1,100 తిరిగి వేసేశాను. వాష్‌బేసిన్ డబ్బులు మాత్రం వేయలేదు, ఆ పగులు వాళ్ళదే.